హారిస్: కొండ దారి, మగ్గం పాక

స్కాట్లండ్ దీవులు చూడబోయినవాళ్లలో చాలామంది స్కై వరకు వెళ్లి, ఓల్డ్ మ్యాన్ ఆఫ్ స్టోర్ శిల దగ్గర ఫోటో దిగి, అట్నుంచి అటే వెనక్కి వచ్చేస్తారు. స్కై ఉత్తరాన ఓడెక్కి ఇంకో రెండు గంటల లోపు ఓపిక పడితే హారిస్‌లోని టార్బర్ట్ రేవు వస్తుంది. లూయిస్, హారిస్ అని పేర్లు రెండైనా దీవి ఒకటే. అక్కడి ట్వీడ్ బట్ట జగత్ప్రసిద్ధం. దాన్ని కొనే ముందు కాస్త నడవమంటాను.

తూర్పు తీరం నుంచి పడమటికి కొండ మీదుగా ఒక పాత దారి ఉంది. తూర్పున అంతా బండలే. మట్టి ఎంత పలచనంటే మనిషిని పాతిపెట్టడానికి లోతు దొరకదు. అందుకని శవపేటికలను భుజాన మోసుకుంటూ కొండ దాటించి, పడమటి ఇసుక నేలలో పాతేవారు. మోసేవాళ్లు ఆగి సేదతీరిన చోట పేర్చిన రాళ్ల గుట్టలు ఇంకా ఉన్నాయి. అసలు ఆ బండల మీద కాపురాలెందుకు? 19వ శతాబ్దంలో భూస్వాములు గొర్రెల మేతకని పడమటి పచ్చికనేలల నుంచి రైతులను వెళ్లగొట్టారు. బతికుండగా దక్కని నేల చచ్చాక దక్కేదన్నమాట. ఏ గొర్రెల కోసం తరిమారో ఆ గొర్రెల ఉన్నే తర్వాత వీళ్లకు కూడు పెట్టింది.

కనుమ ఎక్కాక లస్కెంటైర్ ఇసుక తీరం కనిపిస్తుంది. అక్కడ కాసేపు కూర్చుని రంగులు చూడండి: తుప్పు రంగు గడ్డి, ఊదా హెదర్ పూలు, బండల బూడిద, లేత నీలం నీళ్లు. ట్వీడ్‌లో ఉండేవీ ఇవే. ఈ బట్టకు రంగు నూలు వడకక ముందే, ఉన్నికే వేస్తారు. రంగురంగుల ఉన్నిని తూకం ప్రకారం కలిపి, ఏకి, వడుకుతారు. దూరానికి ఒకే గోధుమరంగుగా కనిపించే పోగును దగ్గరగా చూస్తే అందులో పసుపు, ఎరుపు, ఆకుపచ్చ నూగు తేలుతుంది.

ఇప్పుడు రసాయన రంగులే. పూర్వం బండల మీద పెరిగే క్రోటల్ అనే లైకెన్‌ను గీకి, ఉన్నితో పొరలుపొరలుగా కుండలో పేర్చి ఉడికిస్తే ఎర్రమట్టి రంగు దిగేది. మన మసాలాలో వేసే రాతిపువ్వుకు అది దగ్గరి చుట్టం. బండ మీది రంగు మళ్లీ బండనే చేరుతుందని జాలర్లు క్రోటల్ అద్దిన మేజోళ్లు వేసుకుని సముద్రం మీదికి వెళ్లేవారు కాదట!

1840లలో లేడీ డన్‌మోర్ ఈ ముతక బట్టను దొరల వేట దుస్తులకు అలవాటు చేసింది. గిరాకీతో పాటు నకిలీలూ పుట్టాయి. 1993లో బ్రిటిష్ పార్లమెంటు చట్టమే చేసింది: ఉన్నికి రంగు, వడకడం, బట్ట తుది మెరుగు ఈ ఔటర్ హెబ్రిడీస్ దీవుల్లోనే జరగాలి, నేత మాత్రం నేతగాడి ఇంట్లోనే, చేతిమగ్గం మీదే. ఉన్ని బయటి నుంచి రావచ్చు. మిల్లు నుంచి పడుగు, పేక నూలు ఇంటికి వస్తాయి. మగ్గం నడిచేది తొక్కుడు బలంతో, కరెంటుతో కాదు. నేసిన బట్ట నూనె జిడ్డుతోనే మిల్లుకు తిరిగెళ్లి, ఉతుకుడుకి దగ్గరపడి మెత్తబడుతుంది. ఒకప్పుడు ఈ పని ఆడవాళ్లది. తడి బట్టను బల్ల మీద బాదుతూ, ఆ దెబ్బకు తగ్గట్టు గేలిక్ పాటలు పాడేవారు. తడపడానికి వాడింది పులిసిన మూత్రం. టూరిస్టు కరపత్రాల్లో పాటలు మాత్రమే ఉంటాయి.

నడిచేవాళ్లకు దీవుల పొడవునా సుమారు 250 కిలోమీటర్ల హెబ్రిడియన్ వే ఉంది. 2003 నాటి చట్టం ప్రకారం స్కాట్లండ్‌లో ప్రైవేటు కొండల మీదా బాధ్యతగా నడిచే హక్కుంది. గేటు మూయండి, గొర్రెపిల్లలను బెదరగొట్టకండి. చిత్తడి నేల, బూట్లు గట్టివి కావాలి. దారిలో ఏ రేకుల పాకలోంచో టకటకమని చప్పుడొస్తే, బయట బోర్డు ఉందేమో చూసి లోపలికి వెళ్లండి. కొనేటప్పుడు బట్ట వెనకవైపు గోళం, దాని మీద శిలువ ఉన్న ముద్ర వెతకండి. ఆదివారం మాత్రం ప్రార్థనల రోజు. మగ్గాలూ, చాలా దుకాణాలూ మూతే. రొట్టె, పాలు శనివారమే కొని పెట్టుకోండి.