గుడ్డను బట్టి కుట్టు

కొత్త బట్టతో కుట్టేటప్పుడు వస్తువు ముందు, గుడ్డ తర్వాత. జాకెట్టు కావాలనుకుని, కొలతలు తీసుకుని, వాటికి సరిపడా ముక్క కొంటారు. పాత బట్టతో చేసే ఇంటి కుట్టులో ఈ వరుస తిరగబడుతుంది. బీరువాలోంచి తీసిన చీరలోనో, సంతలో కొన్న దుప్పటిలోనో ఎంత బలం మిగిలింది, ఎక్కడ మిగిలింది అన్నది ముందు తేలాలి. అది సంచి అవుతుందా, దిండు గలేబు అవుతుందా, బొంతలో ఒక పొరగా పోతుందా అన్నది ఆ తర్వాతి మాట. ఈ పనిలో శ్రమ వృథా అయ్యేది ఎక్కువగా ఈ వరుస తప్పినప్పుడే.

తెలుగు ఇళ్లలో పాత గుడ్డకు మొదటి వనరు చీరే. మామూలు చీర సుమారు 5.5 మీటర్ల పొడవు, 115 సెంటీమీటర్ల పన్నా ఉంటుంది. కత్తెర పడని అంత పెద్ద గుడ్డ మరే దుస్తుల్లోనూ దొరకదు. దాని తర్వాత పంచెలు, లుంగీలు, దుప్పట్లు, కర్టెన్లు వస్తాయి. చొక్కాలు, ప్యాంట్లు, చుడీదార్లు చివర, ఎందుకంటే వాటిలో కుట్లు విప్పాక చిన్న ముక్కలే మిగులుతాయి. ఇంటి బయట వెతికేవారికి హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంత, జుమేరాత్ బజార్ వంటి చోట్ల వాడిన బట్టలు దొరుకుతాయి. బట్టల దుకాణాల్లో కట్‌పీసులు, దర్జీల దగ్గర కోతలో మిగిలిన ముక్కలు చవకగా వస్తాయి. పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే వీధి బేరం చాలా ఊళ్లలో ఇంకా ఉంది. ఆ బేరంలో నాలుగైదు చీరలకు ఒక గిన్నె వస్తే గొప్ప. అవే చీరలు మంచి నూలువైతే ఇంట్లో ఇద్దరు కప్పుకునే బొంత అవుతాయి.

గుడ్డను పరీక్షించడం వెలుతురుతో మొదలవుతుంది. చీరను కిటికీకి అడ్డంగా పట్టుకుని చూస్తే పలుచబడిన చోట్లు తెల్లగా కనిపిస్తాయి. చీర అంతటా ఒకేలా అరగదు. నేలకు రాసుకునే కింది అంచు, భుజం మీద పిన్ను గుచ్చే చోటు, నడుము దగ్గర దోపే భాగం ముందుగా పాడవుతాయి. పైట చెంగు ఎండకు వెలుస్తుంది. నడుము చుట్టూ తిరిగి వెనక్కి వెళ్లే మధ్య భాగం చాలాసార్లు గట్టిగానే ఉంటుంది. పట్టుచీరకు శత్రువు మడత. ఏళ్లతరబడి ఒకే మడతలో ఉన్న పట్టు, జరీ ఆ గీత వెంబడి చిట్లుతాయి. అందుకే పట్టుచీరలు దాచేవారు మధ్యమధ్య మడత మార్చి పెడతారు.

వెలుతురు తర్వాత చేతి పరీక్ష. రెండు బొటనవేళ్ల మధ్య గుడ్డను పడుగు వైపు ఒకసారి, పేక వైపు ఒకసారి గట్టిగా లాగాలి. రెండు వైపులా నిలబడితే సంచికి పనికొస్తుంది. ఒక వైపే నిలబడితే గలేబులు, కర్టెన్ల వంటి బరువు పడని వాటికి వాడాలి. రెండు వైపులా చిరిగితే అది బొంత లోపలి పొరకు, లేదా మసిగుడ్డకు.

మూడోది నూలా, పాలిస్టరా అని తేల్చుకోవడం. అంచు నుంచి నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకుని, పళ్లెం మీద వెలిగిస్తే తేలిపోతుంది. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిద అవుతుంది. పట్టు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, మిగిలిన నల్లటి ఉండ వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలిస్టర్ కరిగి, చల్లారాక గట్టి పూసలా మిగులుతుంది. నూలు చెమటను, నీటిని పీలుస్తుంది కాబట్టి ఒంటికి తగిలేవి, వంటింట్లో వాడేవి నూలుతోనే కుట్టాలి. వేడి గిన్నె దించే మడతగుడ్డలో పాలిస్టర్ కలిస్తే అది కరిగి చేతికి అంటుకునే ప్రమాదం ఉంది. పాలిస్టర్‌కు వేరే గుణాలున్నాయి. వెలవదు, త్వరగా ఆరుతుంది, తేలిగ్గా చిరగదు. తెలంగాణ ప్రభుత్వం 2017 నుంచి కొన్నేళ్లపాటు పంచిన సిరిసిల్ల బతుకమ్మ చీరల్లో ఎక్కువ భాగం పాలిస్టర్‌వే. అలాంటివి సంచులకు, కర్టెన్లకు, కుట్టుమిషన్ మీద కప్పే ముసుగులకు బాగా సరిపోతాయి.

బయట కొన్న గుడ్డ ఇంటి గుడ్డలతో కలవకముందే వేడినీళ్లలో సబ్బుతో ఉతికి, మంచి ఎండలో తిరగేసి ఆరబెట్టాలి. కుట్లలో, మడతల్లో నల్లులు దాగే వీలుంది కాబట్టి అక్కడ మరింత జాగ్రత్త కావాలి. రంగు దిగుతుందో లేదో తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూస్తే తెలుస్తుంది. పాత నూలు గుడ్డకు కొత్తదానికి లేని మేలు ఒకటుంది. అది ముడుచుకోవాల్సినంత ఇదివరకే ముడుచుకుంది, పోవాల్సిన రంగు చాలావరకు పోయింది. అందుకే పాత గుడ్డకు కొత్త లైనింగ్ జత చేసేటప్పుడు ఉతకాల్సింది కొత్తదాన్నే. లేకపోతే తర్వాత లైనింగ్ ఒక్కటే ముడుచుకుని పై బట్టను గుంజుతుంది.

సామాను ఎక్కువ అక్కర్లేదు. పదునైన కత్తెర, టేపు, సుద్ద, గుండుసూదులు, ఇస్త్రీపెట్టె, రెండు మూడు రకాల సూదులు చాలు. మిషన్ మీద పలుచని చీరలకు 11 నంబరు సూది, దుప్పటి గుడ్డకు 14, జీన్సుకు 16 వాడతారు. పాత గుడ్డలో మొద్దుబారిన సూది పోగుల్ని తెంపుతుంది కాబట్టి సూది మార్చడానికి పిసినారితనం కూడదు. మిషన్ లేని ఇంట్లో చేతికుట్టు సరిపోతుంది, కాలం ఎక్కువ పడుతుందంతే. ఆ కాలాన్నీ శ్రమనూ దృష్టిలో పెట్టుకునే 1924లో గాంధీ, యంత్రాల మీద తన అభ్యంతరాలు వివరిస్తూ కుట్టుమిషన్‌కు మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుడుతూ పడే పాట్లు చూడలేక సింగర్ ఆ యంత్రం చేశాడన్నది ఆయన చెప్పిన కారణం.

మొదటిసారి కుట్టేవారికి సంచి తగిన పని. అన్నీ నేరు కుట్లే, కొలత కాస్త అటూ ఇటూ అయినా నష్టం లేదు. 38 సెంటీమీటర్ల వెడల్పు, 40 సెంటీమీటర్ల లోతు ఉన్న కూరగాయల సంచికి 41 వెడల్పు, 88 పొడవు ఉన్న ఒకే ముక్క కావాలి. అడుగున కుట్టు రాకుండా దాన్ని సగానికి మడుస్తారు. పక్కల్ని ముందు గుడ్డ మంచి వైపు బయటికి ఉంచి అర సెంటీమీటరు దూరంలో కుట్టి, తిరగేసి, ఆ అంచు లోపల చిక్కుకునేలా సెంటీమీటరు దూరంలో మళ్లీ కుట్టాలి. పోగులు బయటపడవు, బలమూ రెట్టింపు. పైన నాలుగేసి సెంటీమీటర్లు లోపలికి మడిచి కుట్టాలి. పట్టీలకు 60 పొడవు, 10 వెడల్పు ఉన్న రెండు ముక్కలు తీసుకుని నాలుగు పొరలుగా మడిచి కుడతారు. పట్టీ సంచిని కలిసే చోట చతురస్రంగా కుట్టి, మధ్యలో కోణం నుంచి కోణానికి రెండు అడ్డగీతలు వేస్తే బరువుకు ఊడదు. పలుచని చీరైతే లోపల లుంగీ గుడ్డ వేసి రెండు పొరలు చేయాలి. ప్యాంటు తొడభాగంతో కుడితే దాని జేబు అలాగే వాడుకోవచ్చు. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కన్నా పలుచని ప్లాస్టిక్ సంచుల మీద దేశమంతటా నిషేధం ఉన్నా బజారులో అవి కనిపిస్తూనే ఉన్నాయి. తలుపు పక్కన మేకుకు గుడ్డసంచి వేలాడుతున్న ఇంట్లో వాటి అవసరం సహజంగానే తగ్గుతుంది.

దిండు గలేబు సంచికి తర్వాతి మెట్టు. 17 అంగుళాల వెడల్పు, 27 అంగుళాల పొడవు ఉన్న మామూలు దిండుకు 47 సెంటీమీటర్ల వెడల్పు, 160 పొడవు ఉన్న ముక్క చాలు. రెండు చివర్లూ మడిచి కుట్టి, 15 సెంటీమీటర్ల రెక్క లోపలికి వచ్చేలా మడత పెట్టి పక్కలు కుడితే బొత్తాలు, బొందులు లేకుండానే దిండు జారకుండా ఉంటుంది. ఏ లోపం లేని చీర పన్నాలో ఇలాంటివి రెండు, పొడవులో మూడు చొప్పున ఆరు గలేబులు వస్తాయి. అయితే లోపం లేని పాత చీర అరుదు. నాలుగు వస్తే బాగా వచ్చినట్టే.

పట్టుచీరతో ఆడపిల్లకు పరికిణీ కుట్టడం తెలుగు ఇళ్లలో పాత అలవాటు. అమ్మ పెళ్లిచీరో, అమ్మమ్మ చీరో ఇలా మూడో తరానికి చేరుతుంది. రెండు అంచులూ ఒకేలా ఉన్న చీరను పొడవునా మధ్యకు కోస్తే, అంచు ఉన్న రెండు పట్టీలు 57 సెంటీమీటర్ల చొప్పున వస్తాయి. నాలుగైదేళ్ల పిల్లకు అందులో రెండున్నర మీటర్లు కుచ్చుకు సరిపోతాయి. ఇంకా పొడవు కావాలంటే ఒక అంచునే ఉంచి పన్నా ఎక్కువ తీసుకుని, మిగులును మడతకుట్టుగా లోపల దాచాలి. పిల్ల ఎదిగినకొద్దీ ఆ కుట్టు విప్పుకుంటూ పోవచ్చు. పాత పట్టు బరువు మోయలేదు. అందుకని అడుగున నూలు లైనింగ్ వేసి, నడుము కుట్టు పట్టును లైనింగ్‌తో కలిపి పట్టేలా చేయాలి. చిన్నపిల్లలకు నాడాకు బదులు పైన బాడీ జతచేస్తే బరువు భుజాల మీదికి పోతుంది, నడుము ఒరుసుకోదు.

వీటన్నిటికీ పనికిరాని గుడ్డకు చోటిచ్చేది బొంత. బలహీనమైన పొరల్ని ఒకదాని మీద ఒకటి వేసి దగ్గరదగ్గరగా కుడితే ఏ ఒక్క పొర మీదా బరువంతా పడదు. చిరిగిన చోటును పక్క పొరలు పట్టుకుంటాయి. పొరల మధ్య నిలిచే గాలి చలిని ఆపుతుంది. ఈ కిటుకు ఉపఖండమంతటా ఉంది. బెంగాల్‌లో కాంతా, బిహార్‌లో సుజని, మహారాష్ట్రలో గోధడి, ఉత్తర కర్ణాటకలో కౌది ఇదే పద్ధతికి వేర్వేరు రూపాలు. ఆఫ్రికా మూలాలున్న కర్ణాటక సిద్దీ స్త్రీలు కవంది అనే అతుకుల బొంతను ఒక మూల నుంచి మొదలుపెట్టి అంచుల వెంట తిరుగుతూ మధ్యకు కుట్టుకొస్తారు. చివరికి నాలుగు మూలలా మడిచిన గుడ్డముక్కలను పువ్వులుగా కుడతారు. అవి లేని కవంది వాళ్ల లెక్కలో పూర్తికానట్టే.

తెలుగు ఇళ్లలో బొంత లెక్క చీర కొలతతోనే సరిపోతుంది. 5.5 మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే 183 సెంటీమీటర్ల పొడవు, 115 వెడల్పు వస్తుంది. అది ఆరడుగుల మంచానికి ఒక మనిషి పరుపు. రెండు చీరలైతే ఆరు పొరలు. ఇద్దరికి వెడల్పుగా కావాలంటే పన్నాలు జతచేసి నాలుగు చీరలు వాడాలి. అప్పుడు అన్ని పొరల్లో అతుకు ఒకే గీత మీద పడకుండా చూడాలి. మంచి చీర బయటికి, చిరిగింది లోపలికి. గచ్చు మీద పరిచి, ముడతలు లాగి, మధ్య నుంచి అంచులకు పొడవాటి కచ్చా కుట్లు వేసుకున్నాక, అంచుల్ని లోపలికి మడిచి, లావు నూలు దారంతో మూడు సెంటీమీటర్లకు ఒక వరుస చొప్పున కుట్టుకుపోవాలి. నూలులో పాలిస్టర్ పొర కలపకూడదు. అది జారుతుంది, రెండు ఉతుకుల్లో లోపల ఉండలు కడుతుంది. ఆరు పొరలు మించితే తడిసిన బొంతను పిండేందుకు ఇద్దరు మనుషులు కావాలి, ఆరేందుకు రెండు ఎండలు కావాలి. పెద్ద బొంత ఒక్కరే కుడితే నెలలు పడుతుంది. ఇద్దరు ముగ్గురు తలో అంచున కూర్చుంటే పని వేగంగా సాగుతుంది. అందుకే ఈ పని ఎండాకాలం మధ్యాహ్నాలకు, ఇంట్లో మనుషులు కూడిన రోజులకు పడుతూ వచ్చింది. సూదిలో దారం ఎక్కించడం, కచ్చా కుట్లు విప్పడం వంటివి ఎనిమిదేళ్ల పిల్లలు కూడా చేయగలరు, కుట్టు నేర్చుకోవడం చాలామందికి అక్కడే మొదలవుతుంది.

పురిటి బిడ్డకు కావాల్సిన పొత్తిగుడ్డలకు మాత్రం అరిగిన నూలే అసలైన సరుకు. ఎన్నో ఉతుకులు తిన్న పంచె, నూలు చీర కొత్త గుడ్డ కన్నా మెత్తగా ఉంటాయి, గంజి ఉండదు, తడిని వెంటనే పీలుస్తాయి. వీటికి అంచులు మడిచి కుట్టనక్కర్లేదు, ఆ లావు కుట్టు పసిచర్మానికి ఒరుసుకుంటుంది. గుడ్డను పోగు వెంట చింపి, ఉతికి ఎండలో ఆరబెడితే చాలు. ఇంటి చీరతో కట్టే ఉయ్యాలకు మాత్రం చేతి పరీక్షలో రెండు వైపులా నిలబడిన గుడ్డే వాడాలి.

ఏ వస్తువుకైనా కోతకు ముందు బొత్తాలు, హుక్కులు, జిప్పులు, ఫాల్స్ విప్పి డబ్బాలో వేసుకోవాలి, తర్వాత కొనే పని తప్పుతుంది. కోశాక మిగిలే అరచేయంత ముక్కలు అతుకుల గలేబుకు, వేలెడు పట్టీలు జడలా అల్లి కాళ్లు తుడుచుకునే పట్టాకు పోతాయి. ఇక ఏ ఆకారమూ మిగలని నూలు ముక్క వంటింట్లో మసిగుడ్డ అవుతుంది. నీరు పీల్చని పాలిస్టర్ ముక్కకు ఆ చివరి ఉద్యోగం కూడా లేదు. దాన్ని చిన్నగా కత్తిరించి కుర్చీ దిండులో కూరడం ఒక్కటే దారి.