బోరుకి ఆరు కొలతలు

ఈ వారం రాజ్‌భవన్ రోడ్డు సిగ్నల్ దగ్గర ఒక పాత అంబాసిడర్ నా పక్కనే ఆగింది. తళతళలాడే పెయింటు, కొత్త బంపర్లు. బానెట్ కింద మాత్రం టకటకమని బరువైన చప్పుడు. ట్యాపెట్‌ది కాదది, పిస్టన్‌ది. ఓనరుని అడిగితే మొన్ననే బోరింగ్ చేయించానన్నాడు. పిస్టన్‌కీ బోరుకీ మధ్య క్లియరెన్స్ ఎంత పెట్టారంటే, "అదంతా మెకానిక్‌కే తెలుసండీ!" ఒళ్లు మండింది.

చేతికి మించిన గేజి లేదని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు వాదించాను. ఆ నమ్మకం సోమాజిగూడ సందులో ఒకప్పటి షెడ్డులో పుట్టింది. అక్కడి ఉస్తాద్ రింగులు లేని పిస్టన్‌ని తలకిందులుగా బోరులోకి దించి, పక్కన సన్నటి ఫీలర్ పట్టీ పెట్టేవాడు. అదీ పిన్నుకి అడ్డదిశలో, స్కర్ట్ దగ్గర. పిస్టన్ నిండు గుండ్రం కాదు; అక్కడే దాని వెడల్పు ఎక్కువ. "గుంజి చూడు బిడ్డా" అనేవాడు. పట్టీ ఊరికే జారకూడదు, బిగుసుకుపోనూ కూడదు. పాత మాన్యువళ్లు ఆ పట్టీని స్ప్రింగ్ త్రాసుతో లాగమనేవి. ఆయనకి చెయ్యే త్రాసు.

ఎండాకాలంలో పిస్టన్లని రాత్రంతా బ్లాకు పక్కనే ఉంచి, తెల్లారాక కొలిచేవాడు. పోత ఇనుము కన్నా అల్యూమినియం దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అంబాసిడర్ 1489 సీసీ ఇంజిన్ బోరు 73 మి.మీ. పైచిలుకు. ఎండ తగిలి పిస్టన్ ఒక్కటే 20 డిగ్రీలు వేడెక్కినా ఒక థౌ (అంగుళంలో వెయ్యో వంతు) కన్నా ఎక్కువే పెరుగుతుంది. ఉంచాల్సిన సందే కొద్ది థౌలు!

ఇంత చూసినవాణ్ణి, ఇవాళ గేజి వైపే మొగ్గుతున్నాను. పట్టీ పెట్టినచోటు సంగతే చెయ్యి చెబుతుంది. బోరు అన్నిచోట్లా ఒకేలా అరగదు: పై రింగు ఆగి వెనుదిరిగే చోట ఎక్కువ, క్రాంకుకి అడ్డదిశలో మరీ ఎక్కువ. బోర్ గేజి పైన, మధ్యన, కింద, రెండు దిశల్లో తిప్పితేనే ఆ కోలతనం బయటపడుతుంది.

అసలు నన్ను కదిలించింది వేరు. ఉస్తాద్ వెళ్లిపోయాడు, ఆయన చేతికి తెలిసినవన్నీ ఆయనతోనే పోయాయి. ఆయన కట్టిన ఇంజిన్లలో ఏ బోరు ఎంతుందో ఒక్క ముక్కా రాసి లేదు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. పది థౌ, ఇరవై, ముప్పై అంటూ కోసేసిన లోహం తిరిగి రాదు. నలభై దాటితే చాలావరకు స్లీవే గతి. అందుకని బండి తెచ్చుకునేటప్పుడు బిల్లుతోపాటు కొలతల కాగితం కూడా అడగండి: బోరుకి ఆరు చొప్పున నాలుగు బోర్లకి ఇరవై నాలుగు అంకెలు, పిస్టన్ పిస్టన్‌కీ స్కర్ట్ కొలత, కొలిచిన పూట.