సయోధ్యకళ : ఔచిత్య విచారము

సదుద్దేశముతో పుట్టిన కళను విమర్శింపరాదను సంకోచము విమర్శకులలో కలదు. ఆ కళ పలువురు కూడి చేసినదై, పూర్వపు అన్యాయమును మాన్పగోరునదైనచో ఆ సంకోచము మరింత హెచ్చును. కాని ఉద్దేశము వేరు, సిద్ధి వేరు. కావ్యమునకు వర్తించు ఔచిత్య విచారము సాముదాయిక కళకును వర్తింపవలెననియే మా అభిప్రాయము. ఆస్ట్రేలియాలో ఆదివాసులకును, వలసవచ్చి స్థిరపడిన జనులకును నడుమ సయోధ్య ఎట్లు కుదురునను ప్రశ్నను స్పృశించిన రెండు కృతులను ఇందు పరిశీలింతుము.

మొదటిది 'ఆదివాసి స్మారకము'. 1788లో బ్రిటిషువారు సిడ్నీ తీరమున తమ వలసను నెలకొల్పిరి. 1988లో దాని ద్విశతాబ్ది ఉత్సవములు జరిగినవి. ఆ ఉత్సవములకు ప్రత్యుత్తరముగా, జాన్ మండైన్ భావనను అనుసరించి, ఆర్న్‌హెమ్ లాండ్‌లోని రామింగినింగ్ ప్రాంతపు కళాకారులు 43 మంది 200 దారుపేటికలను చిత్రించిరి. ఏడాదికొక పేటిక. చెదలు లోపల తొలిచిన మ్రానుబోదెలో మృతుని అస్థికలనుంచుట ఆ ప్రాంతపు అంత్యసంస్కారములలో కడపటిది. తమ భూమిని కాపాడుకొనుచు మరణించి, అట్టి సంస్కారమునకు నోచుకొననివారికి ఈ పేటికలు అంకితములు. ఇవి కాన్‌బెర్రాలోని జాతీయ చిత్రశాలయందున్నవి. పేటికల నడుమ సాగు బాట గ్లైడ్ నది గమనమును అనుకరించును. నదీతీరమున ఏ వంశమువారి నేల ఎచ్చట కలదో, వారి పేటికలును ఆ క్రమముననే నిలిచియున్నవి.

రెండవది 'చేతుల సముద్రము'. పశువుల మేతకై కౌలుకిచ్చిన భూములలోను ఆదివాసుల హక్కు మిగిలియుండవచ్చునని 1996 డిసెంబరులో విక్ వ్యాజ్యమునందు ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ హక్కును కుదింపబూనిన శాసనసవరణకు నిరసనగా, 1997 అక్టోబరు 12న పార్లమెంటు భవనము ఎదుట వేలకొలది ప్లాస్టిక్ హస్తములు నాటబడినవి. ఆదివాసుల పతాకమునందును, టోర్రెస్ జలసంధి ద్వీపవాసుల పతాకమునందును గల వర్ణములే ఆ హస్తముల వర్ణములు. ఒక్కొక్క హస్తము ఒక్కొక్క పౌరుని సంతకమును వహించినది. అయినను 1998లో సవరణ శాసనమయ్యెను. ఫలము దక్కలేదు కావున కళ వ్యర్థమనుట తర్కము కాదు. తన పేరును బహిరంగముగ ఒప్పగించుటలో ఒక బాధ్యత కలదు. అది ఈ కృతి గుణము.

ఇచ్చట ఒక పూర్వపక్షము సంభవించును. చేతుల సముద్రమున ఉభయులును చేరిరి; స్మారకమును ఆదివాసులే నిర్మించిరి. ఒక పక్షమువారే నిర్మించినది సయోధ్యకళ ఎట్లగును? ఈ ఆక్షేపము బలమైనదే. కాని సయోధ్యకు పూర్వాంగము ఋణమును గుర్తించుట. ఋణము తీరకముందే చేతులు కలుపుమనుట ఋణదాతను మౌనముగ నుండుమనుటయే. స్మారకము చేతులు కలుపుమని అడుగదు, నడువుమని మాత్రమే అడుగును. చూడవచ్చినవాడు ఆ బాటలో అడుగిడినతోడనే మృతుల నడుమ నిలిచినవాడగును. పేటికలలో అస్థికలు లేవు. దొరకని అస్థికలను ఆ శూన్యమే ధ్వనింపజేయుచున్నది. కృతిలో రెండవ పక్షమునకు చోటు లేదనుట పొరపాటు. నడచువాని చోటే అది.

రసపరిభాషలో చెప్పవలెనన్నచో, చేతుల సముద్రమునకు స్థాయి ఉత్సాహము; స్మారకమునకు స్థాయి శోకము. ఉత్సాహము నిందార్హము కాదు. ఒక శాసనము నెదిరింపవలసిన దినమున అదియే ఉచితము. కాని ఆ ఉత్సాహమునే సయోధ్యాసిద్ధిగా భావించి, రంగురంగుల హస్తములను జాతీయైక్యమునకు చిహ్నముగ చూపునప్పుడు అనౌచిత్యము కలుగును. ఆ దోషము కర్తలది కాదు, కృతిని అట్లు వాడుకొనువారిది.

తరువాతి చరిత్ర ఈ భేదమును స్పష్టపరచినది. కుటుంబములనుండి వేరుచేయబడిన ఆదివాసి సంతతికి 2008 ఫిబ్రవరి 13న ఆ దేశపు ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పెను. అయినను, ఆదివాసుల సలహామండలికి రాజ్యాంగమున స్థానము కల్పింపవలెనన్న ప్రతిపాదనను 2023 అక్టోబరు 14న ఓటర్లలో సుమారు 60 శాతము మంది తిరస్కరించిరి. సంతకము చేసినవారి మనస్సు దేశమంతటి మనస్సు కాదని ఆ దినమున తేలినది. ఇన్నూరు పేటికలు మాత్రము ఎవరి అంగీకారమును చాటుకొనలేదు. కావున ఆ ఓటమివలన అసత్యమగు వాక్యమేదియు వానిలో లేదు.

ఇట్టి కళను పరిశీలించు విద్యార్థులు మూడు ప్రశ్నలు వేసికొనవలెనని మా సూచన. దుఃఖము ఎవరిది? దానిని పలుకు అధికారము ఎవరి చేతనున్నది? చూచువాని నుండి కృతి ఏమి కోరుచున్నది? మొదటి రెండింటికి ఉత్తరము ఒక్కటే అయి, మూడవదానికి ఉత్తరము సులభము కానిచో, ఆ కృతి సయోధ్యకు దారి చూపగలదు. సయోధ్య కుదిరినదని చెప్పు కృతికంటె, కుదురుటకు ఇంకను ఏమి మిగిలియున్నదో చూపు కృతియే గొప్పదని మా నిర్ణయము.