మీ హీరోయిన్ ఏం తిందండీ?

ఆ మధ్య నా నవల ఒకటి సీరియల్‌గా వస్తున్నప్పుడు ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది. "మీ హీరోయిన్ మూడు రోజులు పూరీలో ఉంది. సముద్రం చూసింది, సూర్యోదయం చూసింది, కన్నీళ్ళు కూడా పెట్టుకుంది. ఇంతకీ ఏం తిందండీ?"

ముందు నవ్వొచ్చింది, తరవాత సిగ్గేసింది. ఎందుకంటే నేను పూరీ వెళ్ళకుండానే ఆ ప్రకరణం రాశాను!

నా ఒక్కదాని తప్పేనా అని అలమారులోని యాత్రాకథనాలు తిరగేశాను. గోపురం ఎత్తు ఉంది, బస అద్దె ఉంది. తిండి మాట మాత్రం "ఇడ్లీ దొరక్క నానా అవస్థా పడ్డాం" దగ్గరే ఆగిపోయింది. అక్కడివాళ్ళు ఏం తింటారో అడిగిన పాపాన పోయినవాళ్ళు తక్కువ. 1830లో మద్రాసు నుంచి బయల్దేరి కాశీ వెళ్ళొచ్చిన ఏనుగుల వీరాస్వామయ్య గారు నయం. ఏ మజిలీలో ఏ సరుకు దొరుకుతుందో రాసుకుంటూ వెళ్ళారు. తరవాతి యాత్రికుల సౌకర్యానికని రాసిందే ఈనాడు మనకు చరిత్ర అయింది.

సరే, మా అత్తగారిని వెంటబెట్టుకుని పూరీ వెళ్ళాను. గుడి ప్రాకారంలోనే ఆనంద బజారు. మట్టికుండల్లో అన్నం, పప్పు, కూరలు అమ్ముతారు. ఆకులో వడ్డించుకుని నేలమీద కూచున్నాం. అత్తగారు రెండు ముద్దలు తిని, "ఇదేమిటే, మన తద్దినం వంటలా ఉంది!" అన్నారు.

నిజమే. మిరపకాయ లేదు, బంగాళాదుంప లేదు, టమాటా లేదు. ఇవన్నీ అమెరికా ఖండపు పంటలు. 1498లో పోర్చుగీసువాళ్ళు కళ్ళికోటలో దిగిన తరవాతే మన దేశానికి చేరాయి. అంతకు ముందు మన కారం మిరియాలదే. మా అత్తగారు చరిత్ర చదువుకోలేదు. కానీ తద్దినం నాడు మిరపకాయ ముట్టరు. పుస్తకాల్లో నేను చదివింది ఆవిడ నాలిక ఇట్టే పోల్చేసింది.

అంతలో పక్కనున్న ఎవరో ముసలమ్మ తన కుండలోంచి ఇంత ప్రసాదం తీసి ఆవిడ ఆకులో పెట్టింది. ఆవిడెవరో, ఏ కులమో ఎవరికి తెలుసు? ఇంట్లో మడి గిన్నెకు నా చీర చెంగు తగిలితే ఊరుకోని మా అత్తగారు కళ్ళకద్దుకుని తినేశారు! మడీ మైలా కలిసిపోతే మనం విసుక్కుంటూ అనే "సర్వం జగన్నాథం" ఇక్కడి మాటేనని అప్పుడు తెలిసొచ్చింది.

ఇక్కడితో ఆగి "ఆహా, ఎంత సమానత్వం!" అని రాసేస్తే కథ బావుండేది. అది మరో అబద్ధం అయ్యేది. ఆనంద బజారు ప్రాకారం లోపల ఉంది. 1934లో గాంధీగారు హరిజన యాత్ర కాలినడకన మొదలుపెట్టింది పూరీ నుంచే. అప్పటికి హరిజనులకు ఆ గుడిలో ప్రవేశం లేదు. అన్నానికి అంటు లేదు గానీ గుమ్మానికి ఉంది! పంక్తిలో కూచున్నవాళ్ళనే చూసి రాస్తే సగం చరిత్రే రాసినట్టు. ఆకులో ఏముంది, ఎవరు వండారు, పంక్తికి ఎవర్ని రానివ్వలేదు? యాత్ర రాసేవాళ్ళు ఈ మూడూ అడగాలి. వంటింటి పెత్తనం తెలిసిన ఆడవాళ్ళకు ఇవి ఒకరు నేర్పాల్సిన ప్రశ్నలు కావు.

నవల పుస్తకంగా వచ్చేటప్పుడు ఆ ప్రకరణం తిరగరాశాను. హీరోయిన్ ఇప్పుడు కడుపునిండా తింటుంది. తిన్నాక సింహద్వారం కేసి కాసేపు చూస్తుంది కూడా.

అన్నట్టు, ఇంటికి రాగానే మా అత్తగారు యథాప్రకారం మడి కట్టుకున్నారు. అదీ చరిత్రే. కానీ ఆ సంగతి పుస్తకంలో రాయలేదు. రేపు ఆ ఇంట్లోనే అన్నం తినాలి కదా!