పలచబడే నీడను కొలిచే పనితనం

రక్తపరీక్ష రిపోర్టు చేతికి రాగానే మన కళ్లు షుగరు కోసం, కొలెస్ట్రాల్ కోసం వెతుకుతాయి. కాలేయ పరీక్షల (ఎల్‌ఎఫ్‌టీ) పేజీలో ఎస్‌జీపీటీ పక్కన 29 అనో 33 అనో కనిపిస్తే, 40 దాకా నార్మలే కదా అని పేజీ తిప్పేస్తాం. కామెర్లు వస్తే తప్ప ఆ వరసతో మనకు పని పడదు. అయితే ఆ అంకె పుట్టే తీరులో అబ్బురపరిచే నేర్పు ఉంది. రాబోయే మధుమేహాన్ని గురించి అది కొన్నేళ్ల ముందే చెప్పగలిగేది కూడా ఆ నేర్పు వల్లనే.

ఆ నేర్పును చూడటానికి హైదరాబాద్ పాతబస్తీకి వెళ్దాం. అక్కడ వైద్యం కొత్త కాదు. 1595 ప్రాంతంలో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన దారుల్‌షిఫాలో రోగులకు చికిత్స, విద్యార్థులకు యునానీ చదువు ఒక్కచోటే సాగేవి. ఈ కాలానికి వస్తే, కంచన్‌బాగ్‌లోని దక్కన్ వైద్య కళాశాలలో కాలేయ పరిశోధన కేంద్రాన్ని నడిపించిన డాక్టర్ సి.ఎం. హబీబుల్లా పేరు చెప్పుకోవాలి. కాలేయం హఠాత్తుగా చెడిపోయిన రోగులకు పిండ కాలేయ కణాలను ఎక్కించి చూసిన అనుభవాన్ని ఆయన బృందం 1994లో ప్రచురించింది. ఇక దారుల్‌షిఫా నుంచి శాలిబండ దాకా నడిస్తే అడుగడుగునా డయాగ్నస్టిక్స్ బోర్డులే. పెద్ద ఆసుపత్రుల్లో మనిషి చెయ్యి తగలకుండానే యంత్రాలు నమూనాలను నడిపిస్తాయి. చిన్న ల్యాబుల్లో మాత్రం టేబుల్ మీద ఒక సెమీ ఆటో అనలైజర్, పక్కన పిపెట్, కిట్ డబ్బా. పనితనం చూడాలంటే ఇక్కడే చూడాలి.

ఎస్‌జీపీటీ, అంటే ఏఎల్‌టీ, కాలేయ కణాల్లో పనిచేసే ఎంజైమ్. కణం దెబ్బతింటే కొంత రక్తంలోకి కారుతుంది. అలా కారినది ఎంత కొంచెమంటే, దాన్ని వేరుచేసి బరువు చూడటం కుదరని పని. అందుకే మనిషిని తూచకుండా చేసిన పనిని బట్టి కూలి కట్టినట్టు, ఎంజైమ్ నిమిషానికి ఎంత పని చేసిందో కొలుస్తారు.

ఆ పని కూడా కంటికి కనిపించేది కాదు. ఏఎల్‌టీ అలనైన్ నుంచి అమైనో సమూహాన్ని తీసి ఆల్ఫా కీటోగ్లుటరేట్‌కు అందిస్తుంది. మిగిలేది పైరువేట్. ఇందులో రంగు మారేది ఏదీ లేదు. కాబట్టి గొలుసుకు రెండో కొక్కెం తగిలించారు. కిట్‌లోనే ఎల్‌డీహెచ్ అనే మరో ఎంజైమ్, ఎన్‌ఏడీహెచ్ అనే పదార్థం కలిపి ఉంటాయి. పుట్టిన పైరువేట్‌ను ఎల్‌డీహెచ్ వెంటనే లాక్టేట్‌గా మారుస్తుంది. అలా మార్చిన ప్రతిసారీ ఒక ఎన్‌ఏడీహెచ్ ఖర్చవుతుంది. ఎన్‌ఏడీహెచ్ 340 నానోమీటర్ల అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటుంది. అది ఖర్చయ్యే కొద్దీ కాంతికి పడే నీడ పలచబడుతుంది. ఆ పలచబడే వేగమే ఏఎల్‌టీ వేగం. ఎల్‌డీహెచ్‌ను కావలసినదానికన్నా ఎక్కువే పోస్తారు కాబట్టి గొలుసులో నెమ్మదిగా కదిలేది ఏఎల్‌టీ ఒక్కటే. మిగిలినవన్నీ దాని వెంట పరిగెత్తాల్సిందే.

340 దగ్గర కాంతితో ఎంజైముల పనిని చదవవచ్చని 1930లలో చూపించినవాడు ఒట్టో వార్‌బర్గ్. 1955లో న్యూయార్క్‌లో ఆర్థర్ కార్మెన్ ఆ సూత్రాన్ని ఏఎల్‌టీకి తోబుట్టువైన ఎస్‌జీఓటీకి అమర్చి చిన్న వ్యాసంగా రాశాడు. మరుసటి ఏడాదికల్లా రాబ్లెవ్‌స్కీ, లాడ్యూ ఎస్‌జీపీటీని గుండె జబ్బుల్లో, కాలేయ జబ్బుల్లో పరీక్షించారు. ఇప్పటికీ కిట్లలో నడుస్తున్నది ఆ గొలుసే.

రంగును, వేగాన్ని కలిపి చదివే ఈ విద్యలో మన భీమవరం మనిషి ముందే ఉన్నాడు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి యల్లాప్రగడ సుబ్బారావు 1925లో ఫాస్ఫరస్‌ను నీలిరంగుతో కొలిచే పద్ధతి ప్రకటించారు. కండరాల సారంలో ఆ నీలం రావలసినదానికన్నా ఆలస్యంగా చిక్కబడటం ఇద్దరూ గమనించారు. పరీక్ష పాడైందని పారబోయకుండా ఆలస్యానికి కారణం వెతికారు. 1927లో బయటపడిన ఫాస్ఫోక్రియాటిన్ ఆ వెతుకులాట ఫలితమే.

ఏఎల్‌టీ కొలతలోనూ జాగ్రత్తంతా ఇలాంటి చిన్న విషయాల్లోనే. రోగి రక్తంలో ముందే కాస్త పైరువేట్ ఉంటుంది. అది ఖర్చయ్యే దాకా మొదటి నిమిషాన్ని లెక్కలోకి తీసుకోరు. సూదితో లాగేటప్పుడు ఎర్ర రక్తకణాలు పగిలితే వాటిలోని ఎంజైములు సీరంలో కలిసి అంకెను పెంచేస్తాయి. అన్నిటికన్నా మాయదారి చిక్కు హెపటైటిస్ రోగి నమూనాతో వస్తుంది. ఏఎల్‌టీ వేలల్లో ఉంటే, లెక్క మొదలయ్యేలోపే ఎన్‌ఏడీహెచ్ మొత్తం అయిపోతుంది. ఇక పలచబడటానికి ఏమీ మిగలదు కాబట్టి యంత్రం చిన్న అంకె చూపిస్తుంది. అనుభవమున్న టెక్నీషియన్ ఆ అంకెను నమ్మడు. మొదటి రీడింగ్ అంత కిందికి ఎందుకు పడిందని అనుమానించి, సీరాన్ని సెలైన్‌తో పలచన చేసి మళ్లీ పెడతాడు.

ఇప్పుడు లెక్క చూద్దాం. వెయ్యి మైక్రోలీటర్ల రీఏజెంట్‌కు వంద మైక్రోలీటర్ల సీరం కలిపితే, నిమిషానికి తగ్గిన శోషణను, అంటే ఆ నీడ చిక్కదనంలో వచ్చిన తగ్గుదలను, 1746తో గుణిస్తారు; వచ్చేదే రిపోర్టులోని అంకె. ల్యాబుల్లో దీన్నే ఫ్యాక్టర్ అంటారు. ఈ ఫ్యాక్టర్‌ను మనసులో పెట్టుకుని స్కాట్లండ్ వెళ్దాం. అక్కడి పశ్చిమ ప్రాంతంలో కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్న 5,974 మంది మగవారిని అయిదేళ్ల పాటు గమనించారు. 139 మందికి మధుమేహం వచ్చింది. 2004లో నవీద్ సత్తార్ బృందం ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ఏఎల్‌టీ 17 కన్నా తక్కువ ఉన్నవారితో పోలిస్తే 29, ఆపైన ఉన్నవారికి ముప్పు మూడింతలు దాటింది. బరువు, షుగరు వంటి తెలిసిన కారణాలన్నీ లెక్కలోంచి తీసేశాక కూడా రెండింతలు మిగిలింది.

17ని, 29ని 1746తో భాగించి చూడండి. నిమిషానికి 0.010 ఒకటి, 0.017 ఇంకొకటి. తేడా వెయ్యింట ఏడు వంతులు. ఆ ముప్పు కబురంతా దశాంశ బిందువు తర్వాత మూడో స్థానంలో ఉంది! ఎంజైమ్ వేగం పది డిగ్రీల వేడికి దాదాపు రెట్టింపవుతుంది. అంటే 37 డిగ్రీల దగ్గర ఒక్క డిగ్రీ తప్పినా అంకె ఆరేడు శాతం జరుగుతుంది. పిపెట్ మొన బయట అంటిన సీరాన్ని తుడవకపోయినా కొంత జరుగుతుంది. కామెర్లను పట్టడానికి ఇంత నిక్కచ్చితనం అక్కర్లేదు. మధుమేహం అడుగుల చప్పుడు వినాలంటే మాత్రం కావాలి.

కాలేయానికీ షుగరుకూ ఈ లంకె ఎక్కడిది? రాత్రి మనం నిద్రపోతున్నప్పుడు కాలేయం కొద్దికొద్దిగా గ్లూకోజు విడుదల చేస్తుంది. ఇక చాలని ఇన్సులిన్ చెబితే తగ్గించాలి. కొవ్వు పట్టిన కాలేయం ఆ మాట సరిగా వినదు. పరగడుపు షుగరు పెరుగుతుంది. ఆ కొవ్వు కణాలను ఒరిపిడి పెట్టడం వల్లనే ఏఎల్‌టీ కాస్త కాస్త కారుతుంది. అంటే రోగం తెచ్చేది ఏఎల్‌టీ కాదు, అది కబురు మోసేది మాత్రమే. జీజీటీ అనే మరో ఎంజైమ్ కూడా ఇదే కబురు చెబుతుందని 1998లో బ్రిటన్ మగవారి మీద జరిగిన అధ్యయనంలో తేలింది.

మనకు ఇది మరీ దగ్గరి విషయం. సన్నగా, ఆరోగ్యంగా ఉన్న భారతీయ మగవారి కాలేయంలో అదే తరహా తెల్లవారి కన్నా రెండింతల కొవ్వు ఉందని యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో చూపించారు. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని, 13 కోట్లకు పైగా దాని గడపలో ఉన్నారని ఐసీఎంఆర్ సర్వే 2023లో లెక్క తేల్చింది. పొట్ట లేదు కదా అనే ధీమా మనకు చెల్లదు.

అలాగని 33 చూసి బెంబేలెత్తనక్కర్లేదు. క్షయ మందులు, మద్యం, హెపటైటిస్ వైరస్‌లు, ముందురోజు చేసిన విపరీతమైన వ్యాయామం కూడా ఏఎల్‌టీని పెంచుతాయి. కాలేయం నిండా కొవ్వున్నా ఏఎల్‌టీ తక్కువగానే ఉండేవారూ ఉన్నారు. షుగరును తేల్చేది పరగడుపు పరీక్ష, హెచ్‌బీఏ1సీ. ఏఎల్‌టీ పని హెచ్చరించడం వరకే. 40 గీత కూడా రాతిమీద చెక్కినది కాదు. ఇటలీలో రక్తదాతలను పరిశీలించినవారు 2002లోనే మగవారికి 30, ఆడవారికి 19 హద్దు చాలన్నారు. కబురు ముందే అందితే చేయగలిగింది ఉంది. మధుమేహం ఉన్నవారికి రోజుకు 600 కేలరీల ఆహారం ఇచ్చి న్యూకాసిల్‌లో 2011లో జరిపిన ప్రయోగంలో వారం తిరిగేసరికి కాలేయపు కొవ్వు మూడో వంతు దాకా తగ్గి, పరగడుపు షుగరు మామూలుకొచ్చింది. అంత కఠిన ఉపవాసం వైద్యుల కనుసన్నల్లోనే చేయాలి గానీ, దారి ఎటో అది చూపించింది.

అందుకే ఒక్క రిపోర్టు చూసి తీర్పు చెప్పుకోకుండా, వీలైతే ఒకే ల్యాబులో చేయించి, పాత కాగితాలు పక్కన పెట్టుకుని చదవాలి. మూడేళ్లలో 18 కాస్తా 24 అయి, 24 కాస్తా 31 అయితే, ప్రతిసారీ పక్కన నార్మల్ అనే ఉన్నా సరే, డాక్టరును అడగాల్సిన సమయం వచ్చినట్టే. మూడో దశాంశం తప్పకుండా కొలిచిన మనిషి కష్టానికి మనం ఇవ్వగలిగిన విలువ కూడా అదే.