గోడలు లేని కట్టడం: దొనకొండ విమానస్థావరం

వాస్తుచరిత్ర అనగానే మన పాఠ్యపుస్తకాలు అమరావతి స్తూపంతో మొదలుపెట్టి కొండవీటి కోట దగ్గర ఆగిపోతాయి. ప్రకాశం మెట్టలో, దొనకొండ దగ్గరున్న పాత సైనిక విమానస్థావరాన్ని యీ చరిత్రలో ఎక్కడ పెట్టాలి? అక్కడ శిల్పం లేదు, గోపురం లేదు. చదును చేసి బిగగొట్టిన నేలే ప్రధానమైన కట్టడం. "దీనికి వాస్తు ఏమిటయ్యా?" అని మా కాలేజీలో ఒక మిత్రుడు నవ్వాడు. నవ్వి తోసిపుచ్చవలసిన విషయం కాదని నా అభిప్రాయం.

దీన్ని రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం కట్టించింది. 1942 మార్చిలో రంగూన్ జపాను వశమయింది. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. దేశమంతటా రెండువందల పైచిలుకు విమానస్థావరాలు కట్టాలనే పథకం ఆ యేడే బయలుదేరింది.

దొనకొండనే ఎందుకు ఎంచుకున్నారు? గుంటూరు-గుంతకల్లు మీటరుగేజి లైనులో అది లోకోషెడ్డు, రైల్వే కాలనీ వున్న స్టేషను. సామానంతా రైల్లో దింపుకోవచ్చు. రెండో కారణం నేల అని నా వూహ. పత్తికి ప్రాణమైన నల్లరేగడి రన్‌వేకు శత్రువు. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, పైన ఎంత గట్టి పొర వేసినా చీలుస్తుంది. బండిచక్రమే దిగబడే రేగటిలో బాంబరు విమానం దిగుతుందా? మెట్టనేల, సేద్యానికి పేదదే అయినా, యుద్ధానికి పనికివచ్చింది.

ఇక రూపం సంగతి. రన్‌వే దిశను గాలి నిర్ణయిస్తుంది, పొడవును విమానం బరువు నిర్ణయిస్తుంది. ఆనాడు పెద్ద బాంబర్లకు 2,000 గజాల పొడవు, 50 గజాల వెడల్పు ప్రమాణం. స్థానిక వాస్తుశైలి కోసం అందులో వెతకటం వృథా. అవసరమే రూపాన్ని శాసించిందని చెప్పి వూరుకుంటే మాత్రం అది సగం విమర్శే. ఎవరి అవసరం? ఎవరి చేతులు? మన దేశంలో ఆనాటి రన్‌వేలలో అధికభాగం యంత్రాలు వేసినవి కావు. ఆడవాళ్లు తట్టలు మోశారు, కూలీలు సుత్తులతో కంకర కొట్టారు. యుద్ధవ్యయంలో బ్రిటన్ వాటా లండన్‌లో స్టెర్లింగు నిలవలుగా ఖాతాకెక్కింది. దానికి బదులు ఇక్కడ నోట్లు అచ్చయినాయి, ధరలు మండినాయి, 1943లో బెంగాల్ ఆకలితో చచ్చింది. కంకర కొట్టిన కూలికి బియ్యం ఎన్ని వచ్చాయన్నది వాస్తుచరిత్రలో భాగం కాదా?

రెండువేల యేళ్లనాటి అమరావతి శాసనాల్లో విధికుడనే చర్మకారుడి పేరు కనబడుతుంది. పూర్ణకుంభం చెక్కిన పలకను దానం చేశాడతను. ఇరవయ్యవ శతాబ్దపు రన్‌వే మీద తట్ట మోసిన మనిషికి ఆపాటి చోటు దక్కలేదు.

ఇందులో మన పాలు కూడా వుంది. అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ 1943లో తెనాలిలో, అంటే ఆ యుద్ధం మధ్యనే, జరిగింది. ఫాసిజాన్ని ఓడించి తీరవలసిన యుద్ధమది, అందులో నాకు సందేహం లేదు. ఆ యుద్ధాన్ని ఇక్కడ నడిపినవాడు వలసపాలకుడనేదీ అంతే నిజం. యీ రెండు నిజాలూ ఒకే తట్టలో మోసిన కూలిమనిషి కథ నేను చదివినంతలో తారసపడలేదు.

యుద్ధం ముగిసింది, స్థావరం పాడుబడింది. 2014లో రాష్ట్రం విడిపోయి రాజధాని మాట రాగానే దొనకొండ పేరు మళ్లీ పత్రికలకెక్కింది, భూముల బేరాలు సాగాయి. రాజధాని రాలేదు. ఇప్పుడు యుద్ధవిమానానికి వేరే స్థావరమే అక్కరలేదు. కొరిశపాడు దగ్గర జాతీయ రహదారిలో నాలుగు కిలోమీటర్ల ముక్కను అత్యవసర రన్‌వేగా తీర్చి, 2022 డిసెంబరు 29న విమానాలతో పరీక్షించారు. అటూ ఇటూ పొలాలే.

విధికుడి సంగతి మా మిత్రుడికి చెప్పాను. "అది శాసనం, ఇది రోడ్డు" అన్నాడు. ఇంకా వాదించుకుంటూనే వున్నాం.