మెట్రో స్తంభం వినిపించే తీరు

బొమ్మను శబ్దంగా మార్చిన ప్రయోగాలు చాలానే ఉన్నాయి. రష్యాలో యెవ్‌గెనీ మూర్జిన్ గాజు పలక మీది గీతలను పలికించే యంత్రం కట్టారు. 'సొలారిస్' (1972) సినిమా సంగీతానికి ఎడ్వర్డ్ అర్తెమియెవ్ దాన్ని వాడారు. 1999లో సంగీతకారుడు ఏఫెక్స్ ట్విన్ తన ముఖాన్నే ఒక పాట ధ్వనిచిత్రంలో (స్పెక్ట్రోగ్రామ్‌లో) దాచారు. నన్ను అన్నిటికంటే కట్టిపడేసిన పనితనం మాత్రం సంగీతం కోసం పుట్టింది కాదు. నెదర్లాండ్స్‌లో ఫిలిప్స్ పరిశోధనశాలలో పనిచేసిన పీటర్ మైయర్, చూపులేనివారికి దృశ్యాన్ని చెవి ద్వారా అందించాలని రూపొందించిన పద్ధతి అది. ఆ వివరాలు 1992లో ప్రచురించారు. ఇప్పుడది 'ద వాయిస్' పేరుతో ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉచితంగా దొరుకుతోంది.

నియమాలు మూడే. బొమ్మను ఎడమ నుంచి కుడికి, ఒక్కో నిలువు వరుసగా చదవాలి. పైనున్న చుక్కకు హెచ్చు శ్రుతి, కింది చుక్కకు తగ్గు శ్రుతి. వెలుగు ఎంత ఉంటే ధ్వని అంత గట్టిగా. తొలి నమూనాలో నిలువునా 64, అడ్డంగా 64 చుక్కలు, వెలుగుకు 16 స్థాయిలు. 500 నుంచి 5,000 హెర్ట్జ్ దాకా 64 రీడ్లు పేర్చిన హార్మోనియం అనుకోండి. దాని మీద బొమ్మ మొత్తం దాదాపు ఒక్క సెకనులో పలికేస్తుంది.

మెట్టుగూడ మెట్రో స్టేషన్ కింద నిలబడి, ఆ యాప్ తెరిచి ఫోను ఎత్తండి. వంతెన అంచు అడ్డంగా సాగినంతసేపూ ఒకే స్వరం నిలకడగా వినిపిస్తుంది. అంచు దూరమవుతూ కిందికి వాలితే స్వరమూ దిగుతుంది. మెట్ల పక్క స్టీలు రెయిలింగు కుడివైపుకు ఎక్కుతుంటే శ్రుతి పైకి జారుతుంది. ఇనుప కమ్మీల వరుస టకటకమనే లయ. మిట్టమధ్యాహ్నం ఆకాశం తెల్లగా ఉంటుంది కాబట్టి పై శ్రుతులన్నీ కలిసి సన్నటి హోరెత్తుతాయి. ఆ హోరులో స్తంభం నల్లగా అడ్డొచ్చిన చోట శబ్దం రెప్పపాటు తెగుతుంది. స్తంభం ఉన్నట్టు చెప్పేది ఆ తెంపే. నెగెటివ్ చేసుకునే వీలూ ఉంది: అప్పుడు ఆకాశం ఊరుకుంటుంది, స్తంభం 'టప్'మంటుంది. రంగులు మాత్రం ఈ మూడు నియమాలకు అందవు. ఆటో పసుపు, బస్సు ఎరుపు బూడిదరంగులో కలిసిపోతాయి.

అసలు కష్టం లెక్కలో ఉంది. ఒక్కో నిలువు వరుసకు దక్కేది సెకనులో అరవయ్యో వంతు. అంత తక్కువ వ్యవధిలో రెండు శ్రుతులు విడివిడిగా తెలియాలంటే వాటి మధ్య సుమారు 60 హెర్ట్జ్ ఎడం ఉండాలి. 64 శ్రుతులను సమాన దూరంలో పేరిస్తే ఒక్కో మెట్టు 71 హెర్ట్జ్, సరిపోతుంది. కానీ మన చెవి తేడాలను కాదు, నిష్పత్తులను కొలుస్తుంది. సమాన మెట్లయితే బొమ్మ పైభాగం చెవికి ఇరుకైపోతుంది. అందుకని వినేవారి కోసం నిష్పత్తి ప్రకారం పేర్చారు. దాంతో అట్టడుగున మెట్టు 19 హెర్ట్జ్‌కు కుంచించుకుపోయి, అక్కడి చిన్న చుక్కలు పక్కవాటితో కలగలిసిపోతాయి. పొడవాటి అడ్డగీతకు ఆ బాధ లేదు. ఎక్కువసేపు మోగుతుంది కనుక దాని శ్రుతి తేటపడుతుంది. ఎక్కడ నష్టపోవాలో తెలిసి ఎంచుకున్న ఈ పంపకమే నాకు గొప్పగా తోస్తుంది.

ఆ శ్రుతులను ఏ మోహన రాగ స్వరాలకో సర్దితే వినసొంపుగా ఉండేది. అప్పుడు పక్కపక్క వరుసలు ఒకే స్వరంలో పడి, వాటి తేడా పోయేది. మైయర్ ఆ సొంపు వదులుకున్నారు. ప్రతి చుక్కకూ తనదైన క్షణం, తనదైన శ్రుతి ఉంటే శబ్దం నుంచి బొమ్మను దాదాపుగా మళ్లీ రాబట్టవచ్చు. ఆ 1992 పత్రంలోనే ఆయన అది చేసి చూపారు: యంత్రం పలికిన ధ్వనిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, లెక్కను వెనక్కి తిప్పి, కెమెరా చూసిన దృశ్యాన్ని తిరిగి గీయించారు.